రిబ్కా చేతి తడి

పొద్దున ఏడింటికల్లా రిబ్కా వంట అయిపోయేది. అన్నం, పప్పు, ఏదో ఒక పచ్చడి మూడు గిన్నెల క్యారేజీలో సర్దేది. ఈలోపు మరియదాసు వాకిట్లో స్కూటరు తుడిచి, పనిముట్ల సంచీ కాళ్ల మధ్య పెట్టుకుని, వెళ్దామా అన్నట్టు ఒకసారి హారన్ కొట్టేవాడు. రిబ్కా కేబుల్ చుట్ట ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చునేది. తిరువూరు బోసుబొమ్మ సెంటర్ దాటాక ఒకరోజు విస్సన్నపేట వైపు, ఒకరోజు గంపలగూడెం వైపు, ఇంకోరోజు నెమలి వైపు. ఇళ్ల మీద డిష్షులు బిగించడం వాళ్ల పని.

బిగించడం మరియదాసు పని. సిగ్నల్ ఎక్కడ పడుతోందో చెప్పడం రిబ్కా పని.

మేడెక్కి, డిష్షు ముందు నిలబడి, ఆమె కుడి అరచెయ్యి చాపేది. సిగ్నల్ పడితే అరచెయ్యి తడిసేది. కొంచెం పడితే చెమ్మగా, బాగా పడితే వేళ్ల సందుల్లోంచి బొట్లు కారేటంతగా. తడిని బట్టి ఏ చానెలో కూడా చెప్పేది. ఢిల్లీది కుండలో నీళ్లలా చల్లగా ఉండేది. మద్రాసు నుంచి వచ్చేవి గంజిలా కొంచెం చిక్కగా తగిలేవి. "ఇంకో రవ్వ పైకండీ... ఆఁ, చాలు, బిగించెయ్యండి" అని ఆమె అన్నాక మరియదాసు బోల్టు బిగిస్తే ఇక ఆ డిష్షుని మళ్లీ ముట్టుకోవాల్సిన పని ఉండేది కాదు. ఊళ్లవాళ్లు కూడా పని చెప్పేటప్పుడు "రిబ్కమ్మ గారు ఏ రోజు ఖాళీ?" అని అడిగి మరీ రోజు ఖాయం చేసుకునేవాళ్లు.

పెళ్లినాటికి ఆమెది ఒక చర్చి, అతనిది ఇంకో చర్చి. ఎవరి చర్చికి ఎవరు మారాలన్న గొడవ పెద్దవాళ్లలో ఏడాది నడిచింది. ఆ గొడవ తేలేలోపే వీళ్లిద్దరూ నలభై మేడలెక్కి దిగారు. మేడ మీద ఎండలో క్యారేజీ విప్పుకుని తింటూ, దూరంగా కనపడే మామిడితోటలు చూస్తూ మాట్లాడుకునే మాటలే వాళ్ల కాపురంలో సగం.

తొంభై తొమ్మిది, రెండువేలు వచ్చేసరికి ఒక్కో చానెలూ డిజిటల్ అవడం మొదలుపెట్టింది. పాత రిసీవర్లు మూలపడ్డాయి. మొదటి డిజిటల్ డిష్షు విస్సన్నపేటలో ఒక మామిడికాయల వ్యాపారి ఇంటిమీద పెట్టారు. రిబ్కా చెయ్యి చాపింది. తడి తగల్లేదు. అటు తిప్పారు, ఇటు తిప్పారు. మిట్టమధ్యాహ్నం దాకా చూశారు. చెయ్యి పొడిగా, వేడిగా అలాగే ఉంది.

"మనుషులకే జలుబు చేస్తుంది, చేతికి చెయ్యదా ఏంటి? రేపు చూద్దాంలే" అన్నాడు మరియదాసు.

మర్నాడూ అంతే. ఆ వారంలో అతను విజయవాడ వెళ్లి ఒక మీటరు కొనుక్కొచ్చాడు. డిష్షుకి తగిలిస్తే సిగ్నల్ పెరిగేకొద్దీ అది కూసేది. ఇక రిబ్కా మేడెక్కాల్సిన అవసరం లేకపోయింది. "మోకాళ్ల నొప్పులంటున్నావుగా, ఇంటిపట్టున ఉండు" అన్నాడతను. ప్రేమగానే అన్నాడు. ఆమె సరేనంది. క్యారేజీ ఒక మనిషికి సరిపడా కట్టడం మొదలుపెట్టింది.

అతను వెళ్లాక, వంటిల్లు సర్దుకుని, అప్పుడప్పుడూ వాకిట్లోకొచ్చి అరచెయ్యి ఆకాశంకేసి పట్టి చూసుకునేది. ఎవరైనా చూస్తే వాన వస్తుందేమోనని చూస్తున్నట్టు చేతిని వెనక్కి తీసుకునేది. ఎండాకాలంలో వానేంటని ఎవరూ అడగలేదు.

*

రెండువేల ఒకటి, మే నెల. సాయంత్రం నాలుగింటప్పుడు షైని టీచరు మరియదాసు డిష్షుల షాపుకొచ్చింది. హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. ముప్పై దాటినా పెళ్లి మాటెత్తితే తర్వాత చూద్దామంటుంది. చర్చి వెనక వీధిలో వాళ్లమ్మ జోజమ్మతో ఉంటోంది. మరియదాసుకి టీ తెచ్చిన రిబ్కా, ఆమెని చూసి స్టూలు జరిపింది.

"బర్మా చానెల్ వస్తుందా అండీ మనకి?" అంది షైని కూర్చోకుండానే.

మరియదాసు టీ గ్లాసు కింద పెట్టాడు. ఇన్నేళ్లలో ఎవరూ ఆ మాట అడగలేదు.

షైని చెప్పింది. జోజమ్మ పుట్టింది రంగూన్‌లో. తండ్రి ఇక్కణ్ణుంచి రేవులో పనికి వెళ్లిన మనిషి, తల్లి బర్మా ఆవిడ. అరవై నాలుగులో అక్కడ గొడవలై మనవాళ్లందరూ వచ్చేస్తుంటే, జోజమ్మ కూడా పెళ్లైన కొత్తల్లో మొగుడితో ఓడెక్కి వచ్చేసింది. ఓడ దిగిన రోజునే ఆ భాష సముద్రంలో వదిలేశానని నవ్వేది. ఇంట్లో ఎన్నడూ ఒక్క బర్మా ముక్క మాట్లాడలేదు. మూడు నెలల కిందట పక్షవాతం వచ్చింది. మందులు పడ్డాక కాలూ చెయ్యీ మెల్లగా తేరుకున్నాయి. మాట కూడా వచ్చింది. కానీ వచ్చింది తెలుగు కాదు.

"ఒక్క తెలుగు ముక్క రావట్లేదక్కా" అంది రిబ్కావైపు తిరిగి. "నేను చెప్పేది కూడా అర్థం కావట్లేదు. డాక్టరు గారు ఇలా అవుతుంది, తర్వాత నేర్చుకున్నది పోయి ముందుది మిగులుతుందన్నారు. నాకా భాష ఒక్క అక్షరం రాదు. అన్నం పెడితే నా మొహంలోకి చూసి ఒకే మాట అంటుంది. థమిన్ ఏదో, సాపీబీలా అంటుంది. ప్రతిపూటా అదే. నేను తెల్లమొహం వేస్తాను. కంచం పక్కకి తోసేస్తుంది. పాలు, గ్లూకోజు, అంతే. సగమైపోయింది మనిషి."

"థమిన్ అంటే ఎవరైనా మనిషేమో?" అంది రిబ్కా.

"నేనూ అలాగే అనుకున్నా. తమ్ముడో, తెలిసినవాళ్లో అని పెట్టెలో కాగితాలన్నీ వెతికాను. ఆ పేరు గలవాళ్లు ఎవరూ లేరు." షైని అప్పటికి స్టూలుమీద కూర్చుంది. "విజయవాడలో సిస్టర్లు నడిపే ఆశ్రమంలో ఒక మంచం ఖాళీ అయ్యిందట. అక్కడ గొట్టం వేసైనా తినిపిస్తారు. నెలాఖరు సోమవారం తీసుకురమ్మన్నారు. ఈలోపు ఒక్కసారి ఆ భాష వినిపిస్తే... ఏమో. కనీసం తన మాట ఎక్కడో ఉందని తెలుస్తుంది కదా అమ్మకి."

మరియదాసు గోడనున్న క్యాలెండర్ చూశాడు. పదహారు రోజులున్నాయి. "వస్తుందో రాదో చెప్పలేనండీ. అది వాళ్ల దేశం కోసం వదిలే సిగ్నల్. మన దాకా వచ్చేసరికి సన్నబడిపోతుంది. కానీ చూద్దాం" అన్నాడు.

ఆ సాయంత్రం భోజనం దగ్గర "రేపు విజయవాడ వెళ్తున్నా, నువ్వూ రా" అన్నాడు భార్యతో.

"నేనెందుకు?"

"ఊరికే. బస్సులో ఒక్కణ్ణే వెళ్తే తోచట్లేదు ఈ మధ్య."

*

విజయవాడ గవర్నర్‌పేటలో జగన్నాథరావు డిష్షు సామాన్ల కొట్టు ఒక సందులో ఉంది. రేడియోల కాలం నుంచీ ఆయన అక్కడే కూర్చున్నాడు. కళ్లజోడు నుదుటిమీదికి తోసి, నెట్ సెంటర్లో తీయించుకున్న ఒక కాగితాల కట్టలో వేలు పెట్టి వెతికాడు.

"ఉంది. ఒంటరి చానెల్ ఇది. మిగతావన్నీ పదీ పన్నెండు కలిసి ఒక పెద్ద మూటగా వస్తాయి. ఇది ఒక్కటే, సన్నగా, తక్కువ బలంతో వస్తుంది. పైగా దాని పక్కనే ఇంకో ఉపగ్రహం పెద్ద గొంతేసుకుని ఉంది." మరియదాసు వైపు చూశాడు. "డిజిటల్ సంగతి నీకు తెలుసుగా. పాతదైతే కొంచెం తగ్గినా చుక్కలు చుక్కలుగానైనా బొమ్మ కనిపించేది. ఇది అలా కాదు. చాలితే పూర్తిగా వస్తుంది, రవ్వంత తగ్గినా అసలు రాదు. అందుకని ఒక్క వస్తువూ తప్పు కొనకూడదు."

ఎనిమిదడుగుల డిష్షు చాలదన్నాడు. పన్నెండడుగులది, అదీ జాలీది కాకుండా రేకుది కావాలన్నాడు. రిసీవరు కొత్తవి పనికిరావన్నాడు. కొత్తవన్నీ పెద్ద మూటలకే అలవాటుపడి సన్నటి చానెళ్లని అసలు గుర్తించవు. తన బల్లమీద వాడుకుంటున్న పాత రిసీవరు తీగలు పీకి ఇచ్చేశాడు. ఆపైన రెండు చిన్న తెల్లటి డబ్బాలు తెచ్చి పక్కపక్కన పెట్టాడు. డిష్షు పోగుచేసిన సిగ్నల్‌ని అందుకునే ఎల్ఎన్‌బిలు అవి. ఒకదానిమీద పాతిక అని, ఇంకోదానిమీద పదిహేడు అని ఉంది.

"పాతికదే పెద్దదేమో కదండీ?" అంది రిబ్కా.

జగన్నాథరావు నవ్వాడు. "అందరూ అలాగే అంటారమ్మా. ఆ అంకె దాని బలం కాదు, దాని ఒంట్లో వేడి. ఏ వస్తువుకైనా సొంత వేడి ఉంటుంది. ఆ వేడి లోపల రొద చేస్తూ ఉంటుంది. పెద్ద సిగ్నల్ అయితే ఆ రొదలో కూడా వినపడుతుంది. సన్నది అందులో కలిసిపోతుంది. ఒంట్లో వేడి ఎంత తక్కువుంటే అంత సన్నటిది దొరుకుతుంది. పదిహేడుది తీసుకోండి."

చివరగా ఆ డబ్బా మూతికి తగిలించే గరాటు చూపించాడు. చుట్టూ వలయాలున్న ఆ గరాటు డిష్షు లోతుకి సరిపోవాలి. ఎక్కువ వెడల్పుగా చూస్తే డిష్షు అంచు దాటి నేల వేడిని కూడా పట్టుకుంటుంది, తక్కువ చూస్తే అంచుల్లో పడ్డ సిగ్నల్ వృథా అవుతుంది. "ముందు డిష్షు దొరకనీ. లోతు కొలిచి ఫోన్ చెయ్యి. అప్పుడు బస్సులో వేసి పంపిస్తా."

తిరుగు బస్సులో మరియదాసు డబ్బాని చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని నిద్రపోయాడు. రిబ్కా కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టింది. మే నెల గాలి కొలిమిలోంచి వచ్చినట్టుంది. ఆయన చెప్పిన మాట ఆమెకి ఎందుకో మనసులోంచి పోలేదు.

డిష్షు గంపలగూడెంలో దొరికింది. కేబుల్ వ్యాపారం మానేసిన ఒకాయన దాన్ని పశువుల కొట్టం వెనక పడేశాడు. కోళ్లు అందులో గుడ్లు పెడుతున్నాయి. కోళ్లని తోలి, గుడ్లు ఇంటావిడకిచ్చి, ట్రాక్టర్ ట్రక్కులో ఎక్కించి, తాళ్లు కట్టి తెచ్చారు. దార్లో ఒక గోతిలో ట్రక్కు ఎగిరినప్పుడు డిష్షు పక్క ఇనుప రాడ్డుకి కొట్టుకుంది. షైని వాళ్ల మేడమీదికి ఎక్కించడానికి ఎనిమిదిమంది పట్టారు. మంచంమీద కూర్చున్న జోజమ్మ కిటికీలోంచి ఆ పెద్ద రేకు గిన్నె గాల్లోకి లేవడం చూసింది. ఏదో అంది. ఎవరికీ తెలియలేదు.

మరియదాసు డిష్షుకి అడ్డంగా తాడు లాగి కట్టి, మధ్యలో లోతు కొలిచాడు. ఇరవై నాలుగు అంగుళాలు. షైని అక్కడే మేడమీద సిమెంటు గచ్చుమీద సుద్దముక్కతో లెక్క వేసింది. వెడల్పుని వెడల్పుతో హెచ్చించి, పదహారు లోతులతో భాగించింది.

"యాభై నాలుగు అంగుళాలు. డిష్షు నడిమధ్యకి సరిగ్గా అంత ఎత్తులో పోగవుతుంది సిగ్నల్ అంతా."

"లెక్కల టీచర్ని పక్కనబెట్టుకుని డిష్షు కట్టడం ఇదే మొదటిసారండీ" అన్నాడు మరియదాసు. చాలా రోజుల తర్వాత షైని నవ్వింది.

*

గరాటు బస్సులో వచ్చింది. దళసరి కేబుల్ వేశారు, వీలైనంత పొట్టిగా. అన్నీ కుదిరాయి. మరియదాసు మీటరు తగిలించి బోల్టులు తిప్పడం మొదలుపెట్టాడు. దక్షిణంవైపు, నడినెత్తికి కాస్త కింద, ఒకచోట మీటరు గట్టిగా కూసింది. కిందికి పరిగెత్తుకెళ్లి రిసీవరులో అంకెలు నొక్కాడు. తెర నీలంగా ఉంది. సిగ్నల్ లేదని రాసి ఉంది.

మళ్లీ పైకెళ్లాడు. మళ్లీ కిందికొచ్చాడు. అలా నాలుగు రోజులు. డిష్షు ఒక దారం వాసి కదిపినా మీటరు కూత తగ్గేది, కాబట్టి పట్టింది అక్కడే అని నమ్మాడు. ఎల్ఎన్‌బిని గడియారం ముల్లులా కొంచెం కొంచెం తిప్పి చూశాడు. కేబుల్ మార్చాడు. జగన్నాథరావుకి ఫోన్ చేస్తే, "అన్నీ సరిగ్గానే ఉన్నాయయ్యా. అంతదూరం రావట్లేదేమో మరి" అన్నాడు.

శనివారం సాయంత్రం ఇంటికొచ్చి, చొక్కా విప్పి, అరుగుమీద కూర్చుండిపోయాడు. రిబ్కా మజ్జిగ ఇచ్చింది. తాగలేదు.

"ఎల్లుండి తీసుకెళ్లిపోతుందట. పెట్టె సర్దుతోంది టీచరు. వాళ్లమ్మ చీరలు మడతపెడుతూ నాకేసి చూసి, ఫర్వాలేదండీ, మీరు చాలా చేశారంది." మజ్జిగ గ్లాసు చేత్తో తిప్పాడు. "తిట్టినా బాగుండేది."

రిబ్కా అతని పక్కన కూర్చుంది. పొయ్యి దగ్గర్నుంచి అప్పుడే వచ్చిందేమో, గ్లాసు ఇచ్చిన ఆమె చెయ్యి కాలుతోంది. ఆమె తన అరచేతిని తనే చూసుకుంది. వంట అయ్యీ అవ్వగానే మేడెక్కే చెయ్యి. మిట్టమధ్యాహ్నం ఎండలో చాపే చెయ్యి.

"ఏవండీ, ఆయన వేడి తక్కువున్నది తీసుకోమన్నాడు కదా" అంది.

"తీసుకున్నాంగా."

"దాని సంగతి కాదు. నా చేతి సంగతి. పాత సిగ్నల్ ఈ వేడిలోనూ ఎంతోకొంత తగిలేది, కొత్తది రొదలో కలిసిపోతోందేమో."

మరియదాసు ఆమె మొహంలోకి చూశాడు. లేచి చొక్కా తొడుక్కుని స్కూటరు తీశాడు. ఏడాదిన్నర తర్వాత రిబ్కా అతని వెనక కూర్చుంది.

వీళ్లు వెళ్లేసరికి అయిదున్నర దాటింది. రిబ్కా ఐసు అడిగితే షైని ఫ్రిజ్‌లోంచి ట్రేలన్నీ తీసి ఒక గిన్నెలో వేసిచ్చింది. గిన్నెతో మేడెక్కి, రిబ్కా కుడిచెయ్యి మణికట్టు దాకా అందులో ముంచింది. వేళ్లు ఎర్రబడి, తర్వాత తెల్లబడ్డాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి. మరియదాసు "చాలు రిబ్కా" అన్నా తియ్యలేదు. చెయ్యి తనదో కాదో తెలియనంత మొద్దుబారాక తీసి, పైట చెంగుతో పొడిగా తుడుచుకుని, నిచ్చెనెక్కి గరాటు మూతి పక్కన అరచెయ్యి పట్టింది.

క్షణం గడిచింది.

"తడుస్తోందండీ."

"వచ్చిందా!"

"ఆగండి. ఇది చిక్కగా ఉంది. బలమైనది. మనది ఇది కాదు." ఆమె చెయ్యి దులిపింది. నీటి బొట్లు గచ్చుమీద పడ్డాయి. "మీ మీటరు కూసింది దీనికే. ఎవరిదైనా ఒకటే కూత కదా దానికి. పక్కన పెద్ద గొంతేసుకుని ఇంకోటి ఉందన్నారే ఆయన, అది. కొంచెం పడమరకి తిప్పండి. మెల్లగా."

మరియదాసు బోల్టు తిప్పాడు. తడి తగ్గింది, ఆరిపోయింది. రిబ్కా మళ్లీ చెయ్యి ఐసులో ముంచి తీసింది. ఇంకో చుట్టు. పొడి. ఇంకో చుట్టు. పొడి. ఇంకో అర చుట్టు తిప్పాక, అద్దంమీద ఊపిరి వదిలితే పట్టేంత పలచగా, అరచేతి మధ్యలో ఒక చెమ్మ తగిలింది. ఇన్నేళ్లలో అంత సన్నటిది ఆమె ఎన్నడూ ఎరగదు. నోరు తెరిస్తే ఎక్కడ ఆరిపోతుందోనన్నట్టు గొంతు తగ్గించి, "ఇక్కడ" అంది.

అతను బిగించాడు. ఆమె చేతిని గరాటు దగ్గర్నుంచి మెల్లగా డిష్షు లోపలివైపు జరిపింది. ఒకటిన్నర అంగుళాలు లోపలికి వచ్చాక చెమ్మ ఒక బొట్టు అయ్యింది. బొట్టు జారి మణికట్టు మీదికి వచ్చింది.

"లెక్క తప్పిందా?" అన్నాడు మరియదాసు.

"టీచరు లెక్క తప్పలేదు. డిష్షుకే ట్రక్కులో దెబ్బ తగిలిందిగా, వంకర తిరిగి ఉంటుంది. ఒకటిన్నర అంగుళాలు కిందికి దించండి."

దించి బిగించాడు. కిందనుంచి షైని గొంతు వినిపించింది. పిలుపు కాదు, ఏడుపూ కాదు. వాళ్లిద్దరూ మెట్లు దిగి పరిగెత్తారు. రిబ్కాకి మోకాళ్లు గుర్తురాలేదు.

*

తెరమీద ఒక వెదురు ఇల్లు. ఏదో నాటకం నడుస్తోంది. బొమ్మ నిలకడగా ఉంది, ఒక్క గడి కూడా చెదరట్లేదు. ఒక ముసలావిడ పొట్టి గుండ్రబల్ల దగ్గర కూర్చుని గిన్నెలమీద మూతలు సర్దుతోంది.

జోజమ్మ మంచంమీద నిటారుగా కూర్చుని ఉంది. ఎవరి వంకా చూడట్లేదు. ఆమె పెదవులు తెరమీది మాటల వెంట కదులుతున్నాయి, చర్చిలో ప్రార్థన వెంట కదిలినట్టు. మధ్యలో ఒకసారి దేనికో నవ్వింది. మూడు నెలలకి అదే మొదటి నవ్వు. షైని తల్లి పక్కన కింద కూర్చుని, తెర చూడకుండా తల్లి మొహమే చూస్తోంది.

అలా అరగంట గడిచింది. నాటకంలో పొద్దుగూకింది. కొడుకు కాబోలు, బురద కాళ్లతో లోపలికొచ్చాడు. ముసలావిడ తలెత్తి అడిగింది.

"థమిన్ సా పీ బీ లా?"

సరిగ్గా అదే క్షణంలో జోజమ్మ కూడా అంది. రెండు గొంతులూ ఒకటిగా వినిపించాయి.

షైని ఉలిక్కిపడి తెరవైపు తిరిగింది. కొడుకు పొట్ట నిమురుకుంటూ, "సా పీ బీ" అన్నాడు. ముసలావిడ తలూపి, అప్పుడు తన కంచం దగ్గరికి లాక్కుని, అన్నం పెట్టుకుని తినడం మొదలుపెట్టింది.

ముందు రిబ్కాకే తట్టింది.

"అన్నం తిన్నావా అని అడుగుతోంది షైనీ" అంది మెల్లగా. "థమిన్ మనిషి కాదమ్మా. అన్నం."

షైని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మూడు నెలలు. పూటపూటా. బడినుంచి వచ్చి, చెప్పులు విప్పి, హడావిడిగా కంచంలో అన్నం కలిపి ముందు పెట్టిన ప్రతిసారీ తల్లి అడిగింది ఆ ఒక్క ప్రశ్నే. బిడ్డ తిన్నదో లేదో తెలియకుండా ఆవిడ ఎన్నడైనా ముద్ద నోట్లో పెట్టుకుందా? తెలుగులో ఉన్నన్నాళ్లూ అంతే కదా. తను తిన్నానమ్మా అన్నాకే కదా ఆవిడ కంచం ముందు కూర్చునేది.

లేచి వంటింట్లోకెళ్లింది. కంచంలో అన్నం, చారు, కొంచెం బెండకాయ వేపుడు పెట్టుకుని వచ్చింది. మంచంమీద తల్లి ముందు పెట్టింది.

జోజమ్మ టీవీ మీంచి చూపు తిప్పి కూతురి మొహంలోకి చూసింది. రోజూ అడిగినట్టే అడిగింది. ఆ గొంతులో కోపం లేదు, విసుగూ లేదు.

"థమిన్ సా పీ బీ లా?"

"సా పీ బీ" అంది షైని. "సా పీ బీ అమ్మా."

అది అబద్ధం. పొద్దుటినుంచీ ఆమె ఏమీ తినలేదు.

జోజమ్మ ఒక క్షణం అలాగే చూసింది. ఎన్నాళ్లకో తలుపు తీసినవాళ్లని చూసినట్టు. తర్వాత కంచం దగ్గరికి లాక్కుంది. చారు పోసుకుని, మెత్తగా కలిపి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. నిదానంగా నమిలింది. రెండోది. మూడోది. నాలుగో ముద్ద కూతురి నోటికి అందించింది. అబద్ధం తెలిసిందో ఏమో.

మరియదాసు గుమ్మం బయటికెళ్లి, రోడ్డువైపు తిరిగి, చాలాసేపు ముక్కు చీదుకున్నాడు. రిబ్కా వెళ్లి అతని పక్కన నిలబడింది. ఆమె కుడిచెయ్యి ఇంకా తిమ్మిరిగానే ఉంది. అతను ఆ చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని రుద్దసాగాడు.

"క్యారేజీ రేపట్నుంచి ఇద్దరికీ కట్టు. ఒక ఐసు డబ్బా కూడా కొందాం" అన్నాడు.

*

సోమవారం పొద్దున షైని సిస్టర్లకి ఫోన్ చేసింది. ఆ మంచం ఇంకెవరికైనా ఇచ్చెయ్యమంది.

"ఎవరైనా మనిషి దొరికారా అమ్మా, చూసుకోవడానికి?" అని అడిగింది అవతలి సిస్టర్.

"లేదు సిస్టర్. అమ్మ తింటోంది."

సర్దిన పెట్టెలోంచి చీరలు తీసి మళ్లీ బీరువాలో పెట్టింది. మిగిలిన వేసవి సెలవులన్నీ ఆమె ఒక నోటుబుక్కు పట్టుకుని టీవీ ముందు కూర్చుంది. నీళ్లకి ఏమంటారు, నొప్పికి ఏమంటారు, చాలుకి ఏమంటారు, ఒక్కొక్కటే వినీ, తల్లిమీద ప్రయోగించీ, రాసుకుంది. సాయంత్రాలు డిష్షు చూసే వంకతో రిబ్కా కూడా వచ్చి కూర్చునేది. ఏడో తరగతితో చదువాపేసిన రిబ్కాకి షైని కన్నా ముందే మాటలు పట్టుబడ్డాయి. జోజమ్మ ఆ తర్వాత అయిదేళ్లు బతికింది. తెలుగు మళ్లీ రాలేదు. ఆ ఇంట్లో దానికోసం ఎవరూ ఎదురుచూడలేదు.

ఆ ఏడు జూన్‌లోనే, బళ్లు తెరిచిన వారంలో, ఒకరోజు జోజమ్మ కంచం ముందు కూర్చుని కొత్త మాట ఒకటి అంది. "ఙాపి."

షైని నోటుబుక్కు తిరగేసింది. అందులో లేదు. ఉప్పు తెచ్చింది. కాదంది. చింతపండు పచ్చడి తెచ్చింది. కాదంది. "జ్ఞాపకం అంటోందేమో, తెలుగు వస్తోందండోయ్" అన్నాడు మీటరు బాగుచేసుకుంటున్న మరియదాసు. జోజమ్మ అతని మొహం చూసి, గాల్లో అరచేతిని చేపతోకలా ఆడించి చూపించింది. చేపంటే చేప కాదు, చేపని దంచి ఊరబెట్టిందేదో అని రిబ్కాకి సగం సగం అర్థమైంది. అలాంటిది తిరువూరులో ఎక్కడ దొరుకుతుంది? ఆమె బజారుకెళ్లి ఎండు రొయ్యలు తెచ్చి, వేయించి, పచ్చిమిరపకాయలు వేసి, కచ్చాపచ్చాగా దంచి, కంచంలో ఒక పక్కన పెట్టింది.

అందరూ చూస్తున్నారు. జోజమ్మ వేలితో కొంచెం తీసి నాలికమీద వేసుకుంది. కళ్లు మూసుకుంది. అది కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఊపుతూనే దానితో ముద్ద కలుపుకుంది.